చేతివణకు - మెదడు చిత్రములు - మన కర్తవ్యము
(ఇబ్రహీంపట్నమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ మహాసభయందు విద్యానిధిని గూర్చియు, వృత్తిశాలలను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించి యున్నారు. మమ్ము మాత్రము రోగమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. పండుగవంటి దినమున రోగప్రసంగ మేల యని కొందరికి తోచవచ్చును. కాని మనది చేతిపనిచే జీవించు కులము. కమ్మరి సుత్తెయు, వడ్రంగి బాడిసెయు, కంచరి మూసయు, శిల్పి ఉలియు, స్వర్ణకారుని పట్టుకారును చేతి స్థైర్యముపైననే ఆధారపడి యున్నవి. చేయి వణకిన యింట పొయ్యి వెలుగుట కష్టము. కావున చేతివణకును గూర్చి విచారించుట మన సంఘమునకు తగిన పనియే యని మా యభిప్రాయము.

మన యిండ్లలో పెద్దవారి చేయి వణకినచో "ముసలితనము" అందుము. నడుమ వయసువాని చేయి వణకినచో "నరముల బలహీనత" అందుము. చిన్నపిల్ల చేయి వణకినచో "గాలి సోకినది" అని తాయెత్తు కట్టింతుము. ఈ మూడు మాటలును రోగిని వైద్యునివద్దకు పోనీయని మాటలే. వణకు అనునది రోగము కాదు, లక్షణము. ఒకే పొగ పచ్చికట్టెనుండియు రావచ్చును, కాలుచున్న యింటినుండియు రావచ్చును. ఆ రెంటిని వేరుపరచుటకు నేడు మెదడును కోయకయే లోపలి రూపమును చూపు చిత్రణ సాధనములు మనకు లభించినవి. అవి ఏమి చూపగలవు, ఏమి చూపలేవు, చూపిన పిమ్మట మనము చేయవలసిన దేమి, అను మూడు విషయములను విన్నవించుకొందుము.

మన ఆయుర్వేదమున కంపవాతమను పేరు చిరకాలమునుండి కలదు. పాశ్చాత్యదేశములలో లండను వైద్యుడగు జేమ్స్ పార్కిన్సన్ 1817వ సంవత్సరమున ఆరుగురు రోగులను వర్ణించి ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. ఆ యార్గురిలో కొందరిని అతడు వీథిలో నడచుచుండగా చూచినవాడే. పిమ్మట పారిసు నగరమున షార్కో అను వైద్యశిఖామణి ఈ రోగమునకు పార్కిన్సను పేరే పెట్టి, వణకు లేకయే ఈ రోగము ఉండవచ్చునని బోధించెను. ఈ మాట ముఖ్యము. ఈ రోగమునకు అసలు గుర్తు మందగమనము. చొక్కా గుండీలు పెట్టుకొనుటకు ఆలస్యమగును; నడకలో ఒక చేయి ఊగదు; ముఖమున నవ్వు తగ్గును; ఖాతాపుస్తకములోని అక్షరములు పంక్తి చివరకు పోవుకొలది చీమలవలె చిన్నవగును. వణకు ఉన్నచో, అది సాధారణముగా చేయి ఒడిలో ఊరక యున్నప్పుడు హెచ్చి, పనికి పూనుకొన్నప్పుడు తగ్గును.

స్వర్ణకార సోదరులు దీనిని గుర్తుంచుకొనవలెను. పట్టుకారు పట్టినప్పుడే, నీళ్లగ్లాసు ఎత్తినప్పుడే చేయి వణకి, ఊరక యున్నప్పుడు నిలుకడగా నుండెనేని అది తరచుగా వేరొక రకము. అది కొన్ని కుటుంబములలో తండ్రినుండి బిడ్డకు వచ్చుచుండును. దానికి మందు వేరు. ఈ భేదమును నిర్ణయించుటకు యంత్రము అక్కరలేదు. చూడనేర్చిన వైద్యుని కన్నులు చాలును.

ఇక మెదడులో జరుగునదేమి? ఈ యూరి పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలమునాటిది. చెరువులో నీరెంత యున్నను తూము పూడినచో ఆయకట్టు ఎండును. అట్లే మన మెదడు క్రిందిభాగమున, నడిమెదడు అనుచోట, నల్లని రంగుగల కణముల గుంపు ఇరుప్రక్కల నొక్కటి కలదు. ఆ కణములు డోపమైన్ అను ద్రవ్యమును తయారుచేసి, కదలికలను నడుపు పైభాగములకు పంపుచుండును. ఈ నల్లని కణములు నశించుటయే పార్కిన్సన్ రోగమునకు మూలమని 1919లో త్రెత్యకాఫ్ అను పండితుడు పారిసున నిరూపించెను. డోపమైన్ కొరవడిన విషయమును 1960లో వియన్నాయందు హోర్నికెవిచ్ కనుగొనెను. రోగలక్షణములు పైకి కనబడునప్పటికే ఈ కణములలో ఇంచుమించు సగము వరకు నశించి యుండును. అనగా ఆయకట్టు ఎండుట మనకు కనబడునప్పటికి తూము సగము పూడినదన్నమాట.

ఇచ్చట మన దేశపు పరిశోధన నొకదానిని స్మరింపవలెను. దూలగొండి గింజలలో ఎల్-డోపా అను ద్రవ్యము కలదని 1937లో మద్రాసునందు దామోదరన్, రామస్వామి అనువారు వేరుచేసి చూపిరి. డోపమైనుగా మారు ఈ ద్రవ్యమే 1960 దశకమున పార్కిన్సన్ రోగమునకు ప్రధానౌషధమైనది; నేటికిని అదియే ప్రధానౌషధము. కాని గింజలో మందు ఉన్నదని గింజను స్వయముగా నూరి మ్రింగరాదు. మోతాదు తెలియని మందు, కొలత తెలియని పోత వంటిది.

ఇక యంత్రముల సంగతి. తలలోపలి భాగమును పొరలు పొరలుగా చూపు సి.టి. స్కానును హౌన్స్‌ఫీల్డు 1971లో మొదటిసారి రోగిపై ప్రయోగించెను. అయస్కాంతముచే చిత్రము తీయు విధానమునకు లాటర్బర్ 1973లో మార్గము చూపెను. ఆయనకును మాన్స్‌ఫీల్డుకును 2003లో నోబెల్ బహుమానము లభించెను. ఈ రెండవదానినే మనము ఎం.ఆర్.ఐ. అని పిలుచుచున్నాము. మన శరీరమందలి నీటిలోని ఉదజని కణములు బలమైన అయస్కాంతక్షేత్రమున ఒక వరుసకు వచ్చును. రేడియో తరంగముతో వానిని కదల్చి, అవి మరల స్వస్థానమునకు వచ్చునప్పుడు పలుకు పలుకును యంత్రము విని చిత్రముగా వ్రాయును. ఇందు ఎక్స్-కిరణములు లేవు. కాని ఆ యయస్కాంతము భూమి యయస్కాంతబలమునకు ముప్పదివేల రెట్లకు మించినది.

కావుననే కమ్మరి, వెల్డింగు సోదరులకు ఒక హెచ్చరిక. ఆకురాయి పట్టునప్పుడో, సానపట్టునప్పుడో ఇనుపరజను కంటిలో పడి యుండవచ్చును. ఎన్నడో పడినదని మరచిన చిన్నతునక యైనను ఆ యంత్రములో కదలి కంటిని చెరుపగలదు. యంత్రములోనికి పోవుటకు ముందు "మేము ఇనుపపని చేయువారము, కంటిలో రజను పడినది" అని తప్పక చెప్పవలెను. గుండెకు పేసుమేకరు అమర్చుకొన్నవారును, శరీరమున లోహము గలవారును అట్లే చెప్పవలెను.

ఈ చిత్రములు ఏమి చూపును? మొదట ఒక సత్యమును నిర్మొగమాటముగా చెప్పుదుము. సాధారణ పార్కిన్సన్ రోగమున సాధారణ ఎం.ఆర్.ఐ. తొలిదశలో ఇంచుమించు ఆరోగ్యవంతుని మెదడువలెనే కనబడును. "స్కాను బాగున్నది, రోగము లేదు" అని రోగి సంతోషించి మందు మానుట మేము పలుమారులు చూచితిమి. స్కాను బాగుండుట రోగము లేదనుటకు సాక్ష్యము కాదు. మూడు టెస్లాల బలముగల యంత్రమున ప్రత్యేకవిధానమున తీసినచో, ఆరోగ్యవంతుని నల్లకణముల గుంపులో చీలిన పిట్టతోకవంటి ఆకారము కనబడుననియు, పార్కిన్సన్ రోగమున ఆ తోక మాయమగుననియు 2014లో ఆంగ్లదేశమున ప్రకటించిరి. అణుద్రవ్యమును సూదిద్వారా ఎక్కించి తీయు మరొక చిత్రమున డోపమైన్ నాడుల కొసలు వెలుగును. ఆరోగ్యవంతునిలో ఆ వెలుగు కామా గుర్తువలె తోకతో నుండును. రోగిలో తోక పోయి చుక్కగా మిగులును.

రెండవది, పార్కిన్సన్ రోగమువలె కనబడి మందుకు సరిగా లొంగని రోగములు కలవు. అందొకదానిలో రోగి తొలినాళ్లనుండియే వెనుకకు విరుచుకొని పడును. కన్నులను క్రిందికి త్రిప్పజాలడు. కంచములోని అన్నము చూచుటకు తల వంచవలసి వచ్చును. దీనిని స్టీల్, రిచర్డ్‌సన్, ఒల్షెవ్‌స్కీ అను మువ్వురు 1964లో వర్ణించిరి. ఇందు నడిమెదడు సన్నగిల్లును. ప్రక్కనుండి తీసిన చిత్రమున అది పొడవైన ముక్కుగల చిన్నపిట్టవలె కనబడును. మన తేనెపిట్టను తలచుకొనవచ్చును. 2005లో జపాను వైద్యులు కొలిచి చూడగా, ఆరోగ్యవంతుల నడిమెదడు వైశాల్యము సగటున సుమారు 118 చదరపు మిల్లీమీటర్లు. పార్కిన్సన్ రోగులలో సుమారు 103. ఈ రోగులలో 56 మాత్రమే. బంగారమును గురిగింజ యెత్తున తూచు మన స్వర్ణకారులకు ఈ కొలతల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మరియొక రోగమున లేచి నిలుచున్నంతనే రక్తపుపోటు పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును, మూత్రము అదుపు తప్పును, నడక తడబడును. ఇందు మెదడు క్రింది వంతెనవంటి భాగమున శిలువగీత యేర్పడును. క్రైస్తవులు గుడ్ ఫ్రైడేనాడు చేయు రొట్టెపై గీతనుబట్టి వైద్యులు దానికి పేరు పెట్టిరి. ఈ రెండు రోగములకును నేటికి మాన్పు మందు లేదు. అట్లయిన తెలిసి లాభమేమి యందురా? లాభము కలదు. ఏ రోగి ఎప్పుడు పడునో తెలిసిన యింటివారు గోడకు పట్టుకమ్మి వేయింతురు. మ్రింగుట కష్టమగునని తెలిసినవారు అన్నము మెత్తగా కలిపి పెట్టుదురు. ఫలము లేని మందులకై పుస్తెలతాడు తాకట్టు పెట్టకుందురు.

మూడవది, మా యుపన్యాసమునకు ప్రాణమువంటి భాగము: మాన్పదగిన వణకులు.

తల తిరుగుటకును, పార్శ్వపు నొప్పికిని, కడుపుబ్బరమునకును, వాంతులకును, మనోవ్యాధికిని ఇచ్చు కొన్ని మందులు డోపమైన్ పనిని అడ్డగించును. సిన్నరిజిన్, ఫ్లునారిజిన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్, హాలోపెరిడాల్ అనునవి అట్టివి. వానిని నెలల తరబడి వాడినవారికి అచ్చముగా పార్కిన్సన్ రోగమువలెనే వణకును, మందగమనమును రావచ్చును. వీరి మెదడు చిత్రములు స్వచ్ఛముగా నుండును. కామా తోక చెడదు. వైద్యుని సలహాపై ఆ మందు మాన్పినచో పెక్కుమందికి వారములలోనో నెలలలోనో నెమ్మదించును. తలతిరుగుడు మాత్రను చీటీ లేకయే దుకాణమునుండి తెచ్చుకొని మూడేండ్లు మ్రింగి, కొలిమి మూసివేసిన యొక వృద్ధుని మేమెరుగుదుము. మాత్ర మానిన ఆరునెలలకు అతడు మరల సుత్తె పట్టెను. కావున వైద్యునివద్దకు పోవునప్పుడు ఇంట నున్న మందులన్నిటిని సంచిలో వేసికొని పోవలెను. ఆ సంచి యొక్కొకప్పుడు స్కానుకంటె విలువైనది. మనోవ్యాధి మందులను మాత్రము తమంతట తాము ఎన్నడును మానరాదు.

కొందరు వృద్ధులకు మెదడులోని నీటిగదులు ఉబ్బి, పాదములు నేలకు అతుక్కొన్నట్లు నడక, మూత్రము నిలువకుండుట, మరపు అను మూడును కలుగును. 1965లో హకీం, ఆడమ్స్ అనువారు దీనిని వర్ణించిరి. సి.టి. స్కానుననే ఉబ్బిన గదులు కనబడును. తగిన రోగిని ఎంచి, నీటిని మరలించు సన్నని గొట్టము అమర్చినచో నడక మెరుగగును. ముసలితనమని మంచమున వేసిన మనిషి లేచి నడచుట సామాన్యలాభమా?

మాంగనీసు అను లోహము వేరొక కారణము. 1837లో గ్లాస్గో నగరమున కూపర్ అను వైద్యుడు మాంగనీసు రాయి నూరు కార్మికులలో ఇట్టి రోగమును వర్ణించెను. మన తెలుగుదేశమున విజయనగరప్రాంతమందు 1890 దశకమునుండి మాంగనీసు గనులు త్రవ్విరి. నేడు గనిపనికంటె మనకు దగ్గరిది వెల్డింగు. తాతలు కొలిమి ఊదిన చోట మనుమలు వెల్డింగు కొట్టు పెట్టినారు. వెల్డింగు పొగలో మాంగనీసు కలదు. గాలి ఆడని కొట్టులో ఆ పొగ నిత్యము పీల్చువారి మెదడు లోతున, ఎం.ఆర్.ఐ. చిత్రమందు ఇరుప్రక్కల తెల్లని మెరుపు కనబడును. కాలేయము చెడినవారిలోను ఇట్టి మెరుపు కనబడుటచే, వైద్యుడు రోగి వృత్తిని తప్పక అడుగవలెను. అడుగనిచో మనము చెప్పవలెను. పొగకు దూరమైనచో ఆ మెరుపు క్రమముగా తగ్గును. కాని ముదిరిన రోగము తగ్గకపోవచ్చును. కిటికీయు, పొగలాగు పంకాయు, తగిన ముసుగును మందుకంటె చౌక.

ఇప్పుడు పెద్దలకు రుచింపని విషయమునకు వచ్చుచున్నాము, క్షమింపవలెను. 1912లో విల్సన్ అను వైద్యుడు చిన్నవయసుననే వణకు, కండరముల బిగువు, మాట తడబాటు కలుగు రోగమును వర్ణించెను. రాగి శరీరమునుండి వెలువడక కాలేయమునను, మెదడునను నిలిచిపోవుటయే దీనికి హేతువు. కంటి నల్లగ్రుడ్డు చుట్టును గోధుమవన్నె వలయము కనబడవచ్చును. నడిమెదడు చిత్రమున చీనాదేశపు పాండా అను ఎలుగుబంటి ముఖమువంటి రూపము కొందరిలో కనబడును. కంచరి సోదరులు భయపడవలదు. రాగిచెంబులో నీరు త్రాగుటచే ఈ రోగము పుట్టదు. రోగమున్నదని తేలినవారు మాత్రము రాగిపాత్రలు విడువవలెను. రోగమూలము జన్యువులో కలదు. ఆ జన్యువును 1993లో కనుగొనిరి. తల్లికొకటి తండ్రికొకటి చెడిన ప్రతి ఉండి, రెండును బిడ్డకు సంక్రమించినప్పుడే రోగము కలుగును. అట్టి దంపతుల ప్రతిబిడ్డకును నాలుగింట ఒక పాలు అవకాశము. తల్లిదండ్రులు మాత్రము ఆరోగ్యముగానే యుందురు.

సోదరులారా! అరుదైన యిట్టి చెడుప్రతి ఇరువురిలోను ఉండుట దూరపు సంబంధమున కష్టము, రక్తసంబంధమున సులభము. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో సగటున నాలుగవ వంతు ఉమ్మడి. మేనత్త మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు ఉమ్మడి. మేనరికమువలన ఆస్తి చీలదనియు, పిల్ల కన్నులయెదుట నుండుననియు మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో ప్రేమ కలదు. దానిని మేము నిందింపము. మేనరికము చేసికొన్న దంపతులలో అధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుట కూడ సత్యము. 1955 నాటి హిందూ వివాహచట్టము ఆచారమున్నచోట దీనిని అనుమతించినది. కాని చట్టము అనుమతించుట వేరు, రక్తము అనుమతించుట వేరు. ఒక కుటుంబమున ఇట్టి బిడ్డ పుట్టినదని తెలిసిన పిమ్మటనైనను అదే కుటుంబమున మరల మేనరికము కలుపుట బిడ్డలయెడ న్యాయము కాదు.

ఒక యింట పదునేడేండ్ల కుమారుడు గాలి సోకెనన్న మాటలో పడి మరణించెను. రెండేండ్లకు వాని చెల్లెలి చేయి వణకెను. ఈమారు చిత్రము తీయించిరి, రక్తమూత్రపరీక్షలు చేయించిరి, రోగము తెలిసినది. ఆమె నేడు మందు మ్రింగుచు చదువుకొనుచున్నది. పెనిసిలమీన్ అను మందును 1956లో వాల్ష్ అను వైద్యుడు ఈ రోగమునకు ప్రవేశపెట్టెను. జింకు లవణములును పనిచేయును. జీవితాంతము మానరాదు. ఒక బిడ్డకు తేలినచో తోబుట్టువులందరిని, వారికి లక్షణములు లేకున్నను, పరీక్ష చేయించవలెను. లక్షణములు పుట్టకమునుపే మందు మొదలిడినవారు ఇతరులవలె జీవింపగలరు. ఆ యన్న బ్రతికియుండగా పేరు బయటపడునని భయపడిన బంధువులే, నేడు ఆ చెల్లెలికి సంబంధము కుదురదని భయపడుచున్నారు. రోగమును దాచుట కులగౌరవమును కాపాడుట కాదు. దాచిన రోగము బిడ్డను తీసికొనిపోవును; గౌరవము బిడ్డతోనే పోవును.

కావున మన సంఘము ఆచరింపదగిన కొన్ని సూచనలు చేయుచున్నాము. చేయి వణకినను, నడక మందగించినను, మొదట నరముల వైద్యుని చూడవలెను. తమంతట తాము పోయి స్కాను కొనరాదు. ఏ చిత్రము, ఏ విధానమున, ఏ ప్రశ్నకై తీయవలెనో వైద్యుడు వ్రాసినప్పుడే దానికి వెచ్చించిన ధనము సార్థకమగును. సాగరు రోడ్డున హైదరాబాదు మనకు దూరము కాదు. పంజాగుట్ట నిమ్సు ఆస్పత్రియందు నరముల శాఖయు, జన్యువైద్యశాఖయు కలవు; కంపవాతమునకు మెదడులో విద్యుత్తీగ అమర్చు శస్త్రచికిత్సయు అచ్చట జరుగుచున్నది. ఆరోగ్యశ్రీ క్రింద తమ చికిత్స చేరునో లేదో ఆస్పత్రియందలి ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవలెను. నలుబదియేండ్లకు లోబడినవారికి వణకు వచ్చినచో విల్సన్ రోగపరీక్షను ఉపేక్షింపరాదు. సంఘమువారు ప్రతిసంవత్సరము మహాసభావ్యయమునుండి కొంత తీసి, బీదకుటుంబములకు రానుపోను వ్యయమునకును, పరీక్షలకును ఒక వైద్యనిధిని ఏర్పరచవలెను. పూలదండలలో సగము తగ్గించినను ఆ నిధి మొదలగును.

చిత్రము ఎంత స్పష్టమైనదైనను అది మెదడు చిత్రమే గాని మనిషి చిత్రము కాదు. వణకుచున్న చేతిని పరిహసింపక, మెల్లగా నడచువానిని తొందరపెట్టక, పనికిరానివాడని మూలకు నెట్టక, అతని జీవితకాలపు పనితనమును పిల్లలకు నేర్పించుకొనుట మన చేతిలోనిదే. చేయి నిలువని వృద్ధ స్వర్ణకారుని కంటిలో నేటికిని మాలిమి తెలియును. అతడు చెప్పగా మనుమడు చేయవచ్చును.

 వైద్యనిధిని గూర్చిన తీర్మానము ఈ సభ ముగియులోగానే ఉపపాదింపబడుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.